ఉరికే బటన్

“నవ్యా, నీ బటన్ మళ్ళ ఉరికింది!”

చేటలోని బీడీలు పక్కకు జరిపి జమున ఫోన్ చూపించింది. నవ్యశ్రీ నెత్తి కొట్టుకుంది. అక్షరాలు పెద్దవి చేయగానే ‘మాతో మాట్లాడండి’ అనే బటన్ తెర అంచు దాటిపోయింది. పోయిన నెల కళ్ళద్దాలు పగిలినప్పటి నుంచి వదిన అక్షరాలను ఇంతింత చేసుకుని చూస్తోంది.

“కంప్యూటర్ల ముద్దుగనే ఉండె వదినా!”

“కంప్యూటర్ల ఉంటే ఏం ఫాయిదా? ఆడోళ్ళ చేతిల ఉండేది గిసొంటి ఫోనే గదా.”

అది కరీంనగర్‌లోని ఒక మహిళా సహాయ కేంద్రం కోసం చేస్తున్న వెబ్ పేజీ. కష్టంలో ఉన్న ఆడవాళ్ళు ఆ బటన్ నొక్కితే నేరుగా కేంద్రానికి ఫోన్ కలవాలి. నవ్యశ్రీకి ఇదే మొదటి పని. ఎవరూ నేర్పకుండా ఒక మామూలు ఇల్లాలు తనంతట తాను ఫోన్ కలపగలిగితేనే ఉద్యోగమని, లేదంటే పేజీ వేరేవాళ్ళకు ఇస్తానని కేంద్రం నడిపే పద్మలత ఖరాఖండిగా చెప్పింది. అలాంటి ఇల్లాలు చొప్పదండిలో తమ ఇంట్లోనే ఉన్నందుకు నవ్యశ్రీ మొదట సంబరపడింది. ఇప్పుడు తల ప్రాణం తోకకొస్తోంది. వదిన ఒక పట్టాన ఒప్పుకోదు.

కొలతలు బిగించి కట్టిన గడులన్నీ తీసేసి, తెర ఎంతుంటే అంతకు సర్దుకునేలా పేజీని మళ్ళీ పేర్చింది నవ్యశ్రీ. బటన్ దారికొచ్చింది.

“అక్షరాలు కనిపిస్తలేవు,” అంది జమున.

“వెలుగు అంత తగ్గించుకుంటే ఎట్ల కనిపిస్తయి?”

“చార్జింగ్ ఒడుస్తది గదా.”

లేత బూడిద రంగు అక్షరాలు నల్లగా మారాయి. చదువురానివాళ్ళ కోసం పేజీ తనే చదివి వినిపించేలా చేస్తే అదీ నచ్చలేదు. తెరవగానే గొంతు ఖంగున మోగేసరికి జమున ఫోన్‌ను ఒళ్ళో బోర్లించింది.

“అడగకుండనే ఒర్రుడేంది! నొక్కితేనే చదవాలె. ఎవలన్న అస్తే టక్కున మాయమయ్యే ఉపాయం గూడ పెట్టు.”

నవ్యశ్రీ పకపకా నవ్వింది. “నీ ఫోన్ ఎవలు చూస్తరు వదినా? అన్ననా? పాపం, ఆయనకు నోట్ల నాలుకనే లేకపాయె!”

బాపు పోయాక మోటార్లు బాగుచేసే దుకాణం నడిపి ఆమెను చదివించింది గోపాలే. అన్నంటే ఆమెకు ప్రాణం.

జమున కూడా నవ్వింది. “నాకు గాదు, వేరేటోళ్ళకు.”

ఆలోచన మంచిదే. నవ్యశ్రీ పేజీ పైన ఒక ఎర్ర గుర్తు పెట్టింది. నొక్కితే వంటల పేజీ వస్తుంది.

మర్నాడే పరీక్ష. బస్సెక్కే ముందు వదినకు మరోసారి చెప్పింది. “పగటీలి తిన్నంక ఫోన్ చెయ్యి. ‘కలిసింది’ అని పెట్టెయ్, సాలు.”

కేంద్రంలో ఫోన్ ఎంతకీ మోగలేదు. ఏ బటన్ ఎటు ఉరికిందో అని నవ్యశ్రీకి దడ పట్టుకుంది. చివరికి మోగింది. పద్మలత స్పీకర్ పెట్టింది.

“కలిసింది మేడం,” అంది జమున.

“ఎవరన్న చూపించిండ్రా అమ్మా?”

“లేదు మేడం. నా అంతట నేనే చేసిన.”

పద్మలత నవ్యశ్రీ భుజం తట్టింది. “రేపటి సంది డ్యూటీకి రా.”

నవ్యశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వదిన పెట్టిన తిప్పలన్నీ మరిచిపోయింది. ముందుగా ఈ మాట అన్నకే చెప్పాలనుకుంది.

“మంచిదమ్మా, ఇగ పెట్టెయ్,” అంది పద్మలత.

జమున పెట్టేయలేదు.

“నవ్యను జర బయటికి పంపుండ్రి మేడం.”