పదకొండు రోజుల గడప

నిహిర పెద్దమనిషి అయిందని ఆమె ముంజేతి పట్టీయే ఆరోగ్యకేంద్రానికి చెప్పేసింది. మేనత్తలకు కబురందక ముందే టీకాల బండి వచ్చి వాకిట్లో ఆగింది. డ్రైవరు లేని ఆ బండిలోంచి దిగిన కుర్రనర్సు లోపలికి తొంగి చూసింది. నిహిర తాటాకు చాప మీద కూర్చుని నువ్వుల చిమ్మిలి తింటోంది.

"పాప బండి దాకా రావాలండి, మామ్మగారూ. చాప మీంచి లేవకూడదంటే పదకొండు రోజులాగి వస్తాను. ఈ టీకా ఆపే క్యాన్సర్ని నేనైతే పుస్తకంలో తప్ప చూళ్లేదు."

"నేను చూశాను," అంది నిహిర అమ్మమ్మ సత్యవేణి.

ఆమె పెద్దకూతురు, నిహిరకు పెద్దమ్మ అయిన లాస్య ఇలాగే చాప మీద కూర్చున్న మూడోరోజున బడిలో ఈ టీకాలే వేశారు. రమ్మని టీచరు కబురు పంపితే, పదకొండు రోజులూ పిల్ల గడప దాటకూడదని సత్యవేణే తిప్పి పంపింది. పన్నెండోరోజు లాస్య బడికి వెళ్లేసరికి టీకాల వాళ్లు లేరు. ఓణీల ఫంక్షను సందడిలో ఆస్పత్రికి తీసుకెళ్లాలని ఎవరికీ తోచలేదు. ముప్పై ఎనిమిదో ఏట గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో లాస్య పోయింది.

సత్యవేణి చాప దగ్గరికి వెళ్లి మనవరాలి చెయ్యి పట్టుకుని లేపింది.

"అయ్యో అమ్మమ్మా, ముట్టేసుకున్నావ్! తలస్నానం చెయ్యాలి నువ్వు."

"చేస్తాలే. పద."

గడప దగ్గర నిహిర జంకింది. "దాటితే ఏమన్నా అవుతుందా?"

"ఏమీ అవదే," అంది సత్యవేణి. "అప్పుడూ ఏమీ అయ్యేది కాదు."