ఒక్కడే వచ్చి మాట్లాడాలంట

"సమ్మెకు పోతే కొత్త కార్మిక చట్టం ఊరుకోదమ్మా. మీ ఓబుళేశును సంఘం వదిలేసి ఒక్కడే రమ్మను. కూలి సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు బండల ఫ్యాక్టరీ యజమాని వెంకటరమణయ్య.

కొడుకు పని యాడ పోతుందోనని ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాను.

"అట్లే చెప్తా సామీ. తగ్గించిన కూలి మీరే కొంచెం పెంచండి."

"నేనొక్కన్నే ఎట్లా పెంచేది? బండలు అమ్ముడుపోవడంలేదని యజమానులమంతా మా సంఘంలో కూర్చొని తగ్గించినాం. మాట తప్పితే నన్ను వెలేస్తారు."

"మీకూ సంఘముండాదా సామీ?"

"లేకుంటే ఎట్లమ్మా? ఒక్కొక్కరుగా పోతే మమ్మల్ని ఎవరు లెక్కచేస్తారు?"

ఇంటికొచ్చినాను.

"రేపు మీ సంఘం మీటింగుకు ఒక్కడివే పోవద్దురా" అన్నాను కొడుకుతో. "భయపడి ఇంట్లో కూర్చున్నోళ్లను గూడా పిల్చుకపో."