గుండీల వరస

డబ్బా మూత తీయగానే ఒకటో తరగతి పిల్లలంతా బెల్లానికి చీమల్లా మూగారు.

డబ్బా నిండా రంగురంగుల గుండీలు. తెచ్చింది, పెద్ద టీచరమ్మకి సాయంగా కొత్తగా వచ్చిన అమ్మాయి.

"ఎర్రవన్నీ ఓ చోట, నల్లవన్నీ ఓ చోట పెట్టండర్రా!"

"రెండు రంగులున్నదో, గుండీలక్కా?"

"పంచాయితీ పెట్టి మీరే తేల్చండి."

ఒకటే గోల. పెద్ద టీచరమ్మ కుర్చీలో కూర్చుని పలక తుడుస్తున్నట్టు నటించింది గానీ, చూపంతా ఆ డబ్బా మీదే. జుట్టు నెరిసేదాకా ఆ గదిలోనే అక్షరాలు దిద్దించింది, ముక్కులు తుడిచింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, పిడికెడు గుండీలతో అందర్నీ బుట్టలో వేసుకుంది!

"ఇది బడా, దర్జీ కొట్టా అమ్మాయ్?"

"మీరూ వచ్చి కూర్చోండి టీచరమ్మా, సరదాగా ఉంటుంది."

"నాకా భాగ్యం వద్దులే తల్లీ."

పిల్లలు ఒకర్నొకరు ప్రశ్నలడగడం నేర్చారు. మీ ఇంట్లో పిల్లి ఉందా, కుక్క ఉందా? ఒక్కో జవాబుకి ఒక్కో గుండీ. నేల మీద పక్కపక్కనే వరసలు. ఏది పొడుగో చూస్తే చాలు, సంగతి ఇట్టే తెలిసిపోయేది.

ఓ మధ్యాహ్నం టీచరమ్మ వచ్చేసరికి గదిలో గుసగుసలు. నేల మీద రెండు వరసలు. ఒకటి గుమ్మందాకా పాకింది. రెండోది బెత్తెడు.

"ఏం అడుగుతున్నార్రా?"

"పడి దెబ్బ తగిలితే మీ దగ్గరికి పరిగెడతామా, గుండీలక్క దగ్గరికా అని!" అంది బుగ్గల పిల్ల.

వరసలకింకా పేర్లు పెట్టలేదు. పొడుగుది ఎవరిదని టీచరమ్మ అడగనూ లేదు. అసూయకి అడగాల్సిన పనేముంది, దానికి అన్నీ ముందే తెలుసు.

కాలితో ఒక్క తన్ను తన్నింది. గుండీలు బల్లల కిందికి దొర్లిపోయాయి.

"మీ వరస మీరే తన్నేసుకున్నారేంటి టీచర్?" బుగ్గల పిల్ల బావురుమంది. "పొడుగుది మీదే!"

టీచరమ్మ నిలువునా నీరైపోయింది.

ఓ మూల నిలబడి చూస్తున్న గుండీలక్క ముందుకొచ్చింది. వంగి గుండీలన్నీ ఏరుకుంది, పిల్లల తలలు నిమిరి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. టీచరమ్మ ఉండబట్టలేక పెద్దసారు గదికి వెళ్ళింది.

"ఆ అమ్మాయి ఇల్లెక్కడ సార్? క్షమించమని అడగాలి."

"ఊరొదిలి వెళ్ళిపోయిందమ్మా. ఉద్యోగంలో చేరతావా అంటే పిల్లల్ని అడిగి చెబుతానంది. నిన్న సాయంత్రం వచ్చి, వద్దంది."

"సాయానికొచ్చిన పిల్లకి ఉద్యోగమేంటి సార్?"

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"సాయానికి కాదమ్మా... పాతకాలం చదువు చెబుతున్నారని మిమ్మల్ని మాన్పించి, మీ కుర్చీలో కూర్చోబెడదామని మేం పిలిపించిన టీచరు ఆ అమ్మాయి."