తడి ఎవరిది?

ముసలాయన గోడకు ముక్కు ఆనించి వాసన చూస్తున్నాడు.

"ఏం పెద్దాయనా, మా గోడ అంత ఘుమఘుమలాడుతోందా?" అంది దర్జీ ఆవిడ, మిషను ఆపకుండా.

గోడలు చూడాలంటూ వచ్చిన ఆ మనిషి నవ్వలేదు. బీరువా ముందుకు లాగాడు. వెనకంతా నల్లబూజు.

"ఎన్నాళ్లుగా ఇలా?"

"మేం దిగినప్పట్నుంచీ. మా పిల్లకి ఆయాసమూ అప్పట్నుంచే. ఓనరేమో నా ఇస్త్రీ ఆవిరి వల్లే అంటాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు."

ఆయన సంచిలోంచి ఫాయిల్ చుట్ట తీశాడు. జానెడు ముక్క చింపి, బూజు తుడిచిన చోట పరిచి, నాలుగంచులా టేపు బిగించాడు.

"మూడ్రోజులు దీన్ని ముట్టుకోకమ్మా. పైన తడి పడితే తప్పు నీ ఆవిరిది. వెనక పడితే గోడది."

మిషను ఆగింది.

"ఇంతకీ మిమ్మల్ని పంపిందెవరు?"

"ఎవరూ పంపలేదు."

"ఎవరూ పంపకుండా పరాయి గోడల వాసన చూసేవాడుంటాడా? ఓనరుకి సాక్ష్యం పోగుచేస్తున్నావు కదూ! నడువు బయటికి!"

ఆయన గబగబా టేపు జేబులో వేసుకున్నాడు. సంచి అందుకుని మెట్లు దిగిపోయాడు.

ఆవిడ ఫాయిల్ పీకబోయింది.

"ఉండనీ అమ్మా, అద్దంలా ఉంది," అంది పిల్ల, అందులో నాలుక చాపి చూసుకుంటూ.

మూడోరోజు ఓనరు ఊడిపడ్డాడు.

"సామాను సర్దావా?"

"ముందు ఇది చూడండి."

ఫాయిల్ మీద వేలు రాసి చూపింది. పొడి. అంచు పట్టి లాగింది. వెనక నీళ్లు బొటబొటా కారాయి.

"నా ఇస్త్రీపెట్టె గోడ లోపల దూరి కూచుందా సారూ?"

గుమ్మంలో చేరిన పక్కవాటాల వాళ్లు ఘొల్లుమన్నారు. ఓనరు మొహం మాడింది.

"లోపల పైపు కారుతోందేమో... రేపే మేస్త్రీని పంపిస్తా. ఖాళీ సంగతి వదిలెయ్."

అప్పుడు గుర్తొచ్చాడు ముసలాయన. ఊరూ పేరూ అడిగింది లేదు. ఆయన మర్చిపోయిన ఫాయిల్ చుట్ట మిషను కింద దొరికింది. దాని గొట్టంలో మడిచిన కాగితం. నిండా చిరునామాలు. పది కొట్టేసి ఉన్నాయి. పదకొండోది తమ మేడే.

గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో దాన్ని ఆవిడే కొట్టేసింది. చెప్పులేసుకుంది.

"పదవే, పన్నెండో ఇంటికి! ఈ ఫాయిల్ లేకుండా ఆయన గోడకేం అంటిస్తాడు, నా మొహం!"

మెట్లు దిగుతూ పిల్ల కాగితం పైవరస కూడబలుక్కుని చదివింది: "ఇళ్లు తనిఖీ చేసే ఉద్యోగంలో ఉండగా, లోపల అడుగైనా పెట్టకుండా, తడి లేదని నేను సంతకం పెట్టిన మేడలు."