మొన కిందికి

“చదివినవారు రెండు వందల పన్నెండు మంది. మాట్లాడినవారు సున్నా.”

మేస్త్రీగారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, కంప్యూటర్ తెర మీది ఆ లెక్కని మళ్లీ చూశారు. తుడిస్తే సున్నా పోతుందా? గుండ్రంగా అక్కడే ఉంది.

ఫర్నిచర్ కార్ఖానాలో ముప్పై నాలుగేళ్లు మేస్త్రీగా చేసి రిటైరయ్యారాయన. అక్కడ ఆయన ఒక్క దగ్గు దగ్గితే పద్దెనిమిది రంపాలు ఆగిపోయేవి. ఇంట్లో దగ్గితే మందు సీసా వస్తోంది. ఆయన దిగులు చూడలేక కోడలు ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక తెరిచిపెట్టింది. పేరు ‘లిల్లీ ముచ్చట్లు’. మేడమీద నలభై కుండీల్లో లిల్లీలు పెంచే మామగారికి అంతకన్నా కాలక్షేపం ఏముంటుందని ఆమె ఆలోచన.

ఆరు నెలల్లో మూడు వందల మంది చేరారు. చేరి, బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చున్నారు.

మేస్త్రీగారు ముందు బతిమాలారు. “మీరూ రెండు ముక్కలు రాయండి, ఇక్కడ ఎవరూ ఎవర్నీ కరవరు” అన్నారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తర్వాత ఆశపెట్టారు. మొదట నోరు విప్పినవారికి తన చేత్తో చేసిన టేకు స్టూలు ఇస్తానన్నారు. ఆ స్టూలు ఆరు వారాలుగా హాల్లోనే ఉంది, ఇస్త్రీ బట్టలు మోస్తూ. ఆఖరికి అలిగారు. “మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా?” అని రాశారు. దాన్నీ రెండు వందల మంది చదివారు. చదివి, చక్కా పోయారు.

అన్నిటికన్నా ఒక్క పోస్టు గురించి ఆయనకు ఎక్కువ బాధ. “మా లిల్లీలు అందరివాటికన్నా మూడు వారాలు ఆలస్యంగా పూస్తాయి. మొక్కకి ఒకటే పువ్వు, మహా అయితే రెండు. తొందరపడేది గడ్డి. మంచి పువ్వు తీరిగ్గానే వస్తుంది.” ఇంత గొప్ప మాటకి కూడా ఒక్కరంటే ఒక్కరు ‘ఔరా’ అనలేదు.

ఈలోగా సైటు వాళ్ల నోటీసు వచ్చింది. నెలాఖరులోగా పాతిక జవాబులైనా రాకపోతే వేదిక మూసేస్తారట. ఆ పూట ఆయనకి భోజనం సహించలేదు. ఇక్కడా తన మాట వినేవాళ్లు లేకపోతే, ఇక తను ఎక్కడికెళ్లి దగ్గాలి?

కోడలిది పత్రికాఫీసులో ఉద్యోగం. పాఠకుల ఉత్తరాలు చూడటం ఆమె పని.

“మామయ్యా, అడిగితే మాట్లాడరు జనం. తప్పు దొరికితే మాట్లాడతారు. మేం మంచి వ్యాసం వేస్తే ఒక్క ఉత్తరం రాదు. పజిల్లో ఒక గడి తప్పు పడిందనుకోండి, బస్తాడొస్తాయి. మీరూ ఒక్క తప్పు రాసి చూడండి. పరిగెత్తుకుంటూ వస్తారు.”

మేస్త్రీగారి మీసం లేచింది. “నేనా? తప్పా? ముప్పై నాలుగేళ్లలో ఒక్క తలుపైనా తిరగేసి బిగించానని ఎవడైనా అన్నాడా?”

“తప్పు కాదు మామయ్యా, ఎర.”

“ఎర చేపలకి వేస్తారమ్మా. నేను రాయనంటే రాయను.”

నెలాఖరు ఇంకో మూడు రోజుల్లోకి వచ్చేసింది. ఆ ఉదయం మేస్త్రీగారు మేడమీద ఈ ఏటి కుండీల పని ముగించి, చేతుల మట్టి కడుక్కుని, కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ‘పోతే పోయింది, ఇదొక్కటీ రాసేస్తా’ అనుకున్నారు. ఒంటివేలితో గంటసేపు కొట్టి, వేదిక మీద పెట్టారు.

“లిల్లీ దుంప నాటే పద్ధతి. దుంపకి ఒకవైపు మొన ఉంటుంది, ఒకవైపు చదును. మేకు మొన ఎటు దిగుతుంది? కిందికి. దుంపైనా అంతే. మొన కిందికి, చదును పైకి. సందేహాలుంటే అడగండి.”

ఆయన కాఫీ తాగి వచ్చేసరికి ఇరవై ఆరు జవాబులు.

“అయ్యా, మొన పైకండీ! మొలకొచ్చేది అందులోంచే!” అని ‘మూడో అంతస్తు’ అనే ఆయన అందరికన్నా ముందు దూకాడు.

“మీ దుంప తెగ! చదును వైపు వేళ్లండీ బాబూ, వేళ్లు! ఏమీ అనుకోకండి, ఆరు నెలలుగా ఆపుకున్న నోరు” అని ‘వానపాము’.

‘చెంబుడు నీళ్లు’ అనే ఆవిడైతే బొమ్మ గీసి మరీ పెట్టింది, బాణం గుర్తులతో సహా. అలా నాటితే మొక్క చస్తుందని ఒకరు, చావదు గానీ చుట్టూ తిరిగొచ్చి ఆలస్యంగా, నీరసంగా పూస్తుందని ఇంకొకరు. తగువు ముదిరి, స్నేహాలు కలిసి, సాయంత్రానికి లెక్క నూట నలభై దాటింది.

అప్పుడు వానపాముకి వెలిగింది. “ఆగండాగండి. మేస్త్రీగారికి ఇంత చిన్న విషయం తెలీదా? మనచేత మాట్లాడించడానికే ఇలా రాశారు!”

అంతే, పొగడ్తల మీద పొగడ్తలు. “ఏం బుర్రండీ!” “పడ్డాం గురువుగారూ, పడ్డాం!”

కోడలు ఆఫీసు నుంచి వస్తూనే, భుజాన సంచీ అయినా దించకుండా ఆయన గదిలోకి పరిగెత్తింది. “మామయ్యా! రాయనంటూనే రాసేశారే! అదీ ఎంత నమ్మకంగా! నేనే బోల్తా పడేదాన్ని!”

మేస్త్రీగారు తెర మీది బాణం గుర్తుల బొమ్మని చాలాసేపు చూశారు. ఆ తర్వాత ఒక్క దగ్గు దగ్గారు.

“మరేమనుకున్నావమ్మా, మీ మామయ్యంటే?”

“స్టూలు మూడో అంతస్తు ఆయనకి ప్యాక్ చేసేయనా?”

“చెయ్యి తల్లీ. నేనొక్కసారి మేడమీదికెళ్లొస్తా.”

పైకి వెళ్లి, మేడ తలుపుకి గడియ పెట్టుకుని, పొద్దున నాటిన నలభై కుండీల దుంపల్నీ ఒక్కొక్కటే పైకి తీసి, చప్పుడు కాకుండా తిరగేసి నాటడం మొదలుపెట్టారు.