ముందే వెళ్ళిన మెయిల్

"పంపేశాను బావా!" డ్రైవరు ఇంకా చెప్పులు విప్పలేదు. బావమరిది గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఏం పంపావు?"

"థ్యాంక్యూ మెయిల్. ఇంటర్వ్యూ అయ్యాక అది పెట్టకపోతే ఈ రోజుల్లో మొహం కూడా చూడరు. నీకెలాగూ చేతకాదు. ఫ్రిజ్ మీద నీ ఫోనుంది కదా, రమ్మని స్కూలువాళ్ళు పెట్టిన మెయిలుకే జవాబు కొట్టేశా. 'నా డ్రైవింగ్ టెస్టు చక్కగా జరిగింది, ధన్యవాదాలు' అని."

"ఎప్పుడు?"

"పదకొండుకి. అప్పటికి అయిపోయుంటుందనుకున్నా."

డ్రైవరు గోడ పట్టుకున్నాడు. పదకొండుకి అతను స్కూలు బస్సు స్టీరింగు ముందున్నాడు. మేనేజరు వెనక సీట్లో కూర్చుని టెస్టు చేస్తున్నాడు. రైల్వే గేటు దాటగానే మేనేజరు ఫోను టింగుమంది. ఆయన చూసుకున్నాడు. డ్రైవరు వీపు కేసి చూశాడు. "చాలు. బండి వెనక్కి తిప్పండి" అన్నాడు. అదెందుకో ఇప్పుడర్థమైంది.

"కొంప ముంచావు కదరా! బండి నడుపుతూ ఫోను నొక్కాననుకుని ఉంటాడు."

"ఫోను ఇంట్లో ఉందని చెప్పెయ్ బావా."

"పొద్దున అడిగాడురా, డ్యూటీలో ఫోనెక్కడ పెడతారని. ఇంట్లోనేనండీ అన్నా. ప్రతివాడూ ఇదే చెబుతాడని నవ్వాడు. ఇప్పుడు నమ్ముతాడా?"

వంటింట్లోంచి భార్య గరిటెతోనే వచ్చింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఫ్యాక్టరీ బండి నడిపే పని పోయాక ఈయనకొచ్చిన పిలుపు ఇదొక్కటేరా."

"ఇదొక్కటి పోతే పోయింది" అన్నాడు డ్రైవరు. "పిల్లల బస్సులో ఫోను నొక్కినవాడని పేరు పడితే ఊళ్ళో ఇంకెవడూ తాళం చేతికివ్వడు."

ఫ్రిజ్ మీద ఫోను మోగింది. మేనేజరు నెంబరే.

"నేను మాట్లాడనా?" అన్నాడు బావమరిది.

"నువ్వు దాని జోలికెళ్ళకు!" మొగుడూ పెళ్ళాం ఒక్కసారే అరిచారు.

భార్యే ఫోను తీసి స్పీకరు నొక్కింది.

"టెస్టు మధ్యలో మెయిలొచ్చింది. మీ ఫోను నుంచేనా?"

"అవునండీ... నేను కాదండీ... మా బావమరిది..."

"మీ సీటు పైన కెమెరా ఉంది. ఇప్పుడే చూశాం."

డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

"మెయిలొచ్చేటప్పటికి మీ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. రేపొచ్చి బస్సు తాళాలు తీసుకోండి. ఫోను ఇంట్లో పెట్టి వస్తానని అందరూ చెబుతారు, రుజువు మెయిల్లో పంపింది మాత్రం మీరొక్కరే!"