మూడు సెంట్ల వాన

"రాత్రి చినుకేమైనా పడిందా?" ఆలూరులో బస్సు దిగీ దిగగానే ప్రొఫెసర్ ఆనందం గారు అడిగిన మొదటి మాట అది.

గిడ్డయ్య తల పైకెత్తి చూశాడు. వైశాఖ అమావాస్య. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు.

"పడింటాది సార్. పదకొండేండ్లుగా పడతానే ఉండాది."

గిడ్డయ్య ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టరు. నిరుడు పేపర్లలో హంగేరీ గొడవలు వచ్చినప్పటి నుంచి ఊరంతా ఆయన్ని హంగేరీ సారు అంటోంది. అనరా మరి! ఈ ఎండల్లో కూర్చుని, వెయ్యేళ్ళ కిందటి హంగేరీ తెగల మీద పరిశోధన రాసే మనిషిని ఇంకేమంటారు? ఆ ఏడు తెగలూ తమ పచ్చికబయళ్ళు వదిలి, ఒక్క నాయకుణ్ణి ఎన్నుకుని పడమటికి కదలడానికి కరువే కారణమని ఆయన వాదన. కరువును ఎన్నేళ్ళు ఓర్చుకున్నాక జనం నాయకుణ్ణి మారుస్తారు, ఎన్నేళ్ళకు ఊరే వదిలేస్తారు అన్నదానికి ఒక సూత్రం కట్టాడు. మొన్నటి ఎన్నికల్లో ఓడిన ఒక పెద్దమనిషి వచ్చి, ఇంకెన్నేళ్ళు కరువుంటే తాను గెలుస్తాడో లెక్క చూడమన్నాడు కూడా.

ఆ సూత్రానికి ప్రాణం ఆయన పెరట్లో ఉన్న వాన కొలిచే డబ్బా. ఎంత కరువు నెలైనా సరే, అమావాస్య పొద్దున అందులో మూడు సెంట్ల నీళ్ళు, అంటే అంగుళంలో నూటికి మూడు వంతులు, ఉండి తీరాల్సిందే. అది చంద్రుడు కురిపించే వాన అనీ, ఆ కాస్త తడి ఉన్నంతకాలం జనం నేలను వదలరనీ, హంగేరీ వాళ్ళకు అదే ఆగిపోయిందనీ ఆయన తేల్చాడు.

"మీ డాక్టరేటు పరిశోధనలో చరిత్ర చూసినవాళ్ళు బాగుందన్నారు. రాజకీయం చూసినవాళ్ళూ బాగుందన్నారు. లెక్కలు నేనే చూశాను, తప్పు లేదు," నడుస్తూ అన్నాడు ప్రొఫెసర్. "కానీ మొత్తం ఆ మూడు సెంట్ల మీద నిలబడింది. అందుకే అమావాస్య చూసుకుని వచ్చాను. ఈ పూట నా కళ్ళతో చూస్తే సంతకం పెట్టి వెళ్తాను. లేదంటే డాక్టరేటు మాట మరిచిపోండి."

గిడ్డయ్య గబగబా ఇంటి దారి పట్టించాడు.

భార్య పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆయనా, తల్లి తిరుపతమ్మా. మైదుకూరులో చిన్నాయన చనిపోయి ఆరు రోజులు కావడంతో ఇల్లు మైలలో ఉంది. గిడ్డయ్య గడ్డం మాసి ఉంది. కాఫీ హోటలు నుంచి చెంబులో తెచ్చాడు. దేవుని గూట్లో దీపం లేదు. గిడ్డయ్య చిన్నప్పుడు పాలు తాగిన ఉగ్గుగిన్నె ఒకటి అక్కడ బోర్లించి ఉంది.

ప్రొఫెసర్ రిజిస్టరు తిప్పుతూ ఒకచోట ఆగాడు. "ఈ అమావాస్యకు సున్నా ఉందే?"

"అది మా పెద్దనాయన పోయిన నెల సార్. ఆ పనుల్లో పడి సరిగా కొల్చినానో లేదో. అదొక్కటే."

"డబ్బాను ఇంకెవరైనా ముట్టుకుంటారా?"

"కోడి గూడా దాని పక్కకు పోదు సార్. పెట్టిన రోజే మా యమ్మకు చెప్పినా, దీంట్లోనే మన బతుకుండాది, జాగ్రత్తగా చూసుకో అని. నాకంటే ఎక్కువ చూసుకుంటాది."

పెరట్లోకి వెళ్ళారు. ప్రొఫెసర్ వంగి చూశాడు. "అంచుకు ఈ విబూది ఏమిటి?"

"మా యమ్మ సార్. మహానంది విబూది తిరగలికీ పెడతాది, చాటకూ పెడతాది."

ప్రొఫెసర్ నవ్వాడు. గిడ్డయ్యకు మాత్రం నవ్వు రాలేదు. ఎనిమిది కొట్టింది. గిడ్డయ్య పైనున్న గరాటు తిప్పి తీసి, లోపలి సీసాను కొలిచే గాజుగ్లాసులోకి వంచాడు. ఏమీ పడలేదు. ఇంకా వంచాడు. తలకిందులు చేసి అరచేతిలో తట్టాడు. చచ్చిన చీమ ఒకటి రాలింది.

"గిడ్డయ్య గారూ," ప్రొఫెసర్ గొంతు మారింది. "ఈ అంకెలు కొలిచి రాశారా, కూర్చుని రాశారా?"

"మా యమ్మ మీద ఒట్టు సార్! కొలవకుండా ఒక్క అంకె గూడా రాయలేదు."

"ఒట్లు విశ్వవిద్యాలయానికి పనికిరావు." ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకుని, తొమ్మిది గంటల బస్సుకు వెళ్ళిపోయాడు. కాఫీ అట్లాగే చల్లారిపోయింది.

గిడ్డయ్య సీసాలో నీళ్ళు పోసి చూశాడు. ఎక్కడా కారడం లేదు. గరాటు తడిమి చూశాడు. చిల్లు లేదు. ఇక తట్టుకోలేక డబ్బా పక్కనే కూలబడి ఏడ్చేశాడు. డాక్టరేటు పోయినందుకు కాదు, ఏనాడూ అబద్ధమాడని తనను అబద్ధాలకోరులా చూసి వెళ్ళినందుకు ఏడుపొచ్చింది.

తిరుపతమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. "ఏమైందిరా నాయనా? ఆయప్ప అట్ల ఎల్లిపోయినాడేమి?"

"నా బతుకు పోయిందమ్మా. పదకొండేండ్లుగా అమావాస్య అమావాస్యకూ దీంట్లోకి నీళ్ళొచ్చినాయి. ఈ పొద్దు ఒక్క చుక్క రాలేదు. ఎందుకు రాలేదో తెలీక చస్తాండా."

ముసలామె కొడుకును వింతగా చూసింది. ఇంత చదివినవాడికి ఇంత చిన్న విషయం తెలియదా అనుకుంది.

"ఇంట్లో మైల పెట్టుకుని నీ దేవునికి నేనెట్ల ఉగ్గుగిన్నెడు నీళ్ళు పోస్తారా?"